మిస్డ్ కాల్ అన్న ఇంటికి డబ్బా వచ్చిన రోజు

మీ ఇంట్లో ఇప్పుడు టీవీ బొమ్మ ఆగిపోతే ఒక నంబరుకు ఫోన్ చేస్తారు. తెలుగుకు ఒకటి నొక్కండి, హిందీకి రెండు నొక్కండి అని ఒక గొంతు చెబుతుంది. ఆ గొంతును మీరెంత తిట్టినా దానికి తగలదు. మా రోజుల్లో తిట్లు తగలడానికి ఒక మనిషి ఉండేది. ఆబిడ్స్‌లో, నాంపల్లిలో మా కేబుల్ తీగ వెళ్లిన ప్రతి ఇంటికీ ఆ మనిషిని నేనే.

నాది మెదక్ వైపు. మిషన్ బడిలో చదువుకుని, టైపు నేర్చుకుని, పెళ్లయ్యాక ఆబిడ్స్‌లో ఒక చర్చి కాంపౌండ్‌లోని రెండు గదుల ఇంట్లోకి వచ్చాను. మా ఆయన బడిలో లెక్కల మాస్టారు. తొంభైల మధ్యలో ఒక ఆదివారం ప్రార్థన అయ్యాక ఎవరో చెప్పారు, దగ్గర్లో ఒక కేబుల్ ఆఫీసులో ఫోన్ ఎత్తడానికి ఓపికున్న ఆడమనిషి కావాలట అని. ఓపిక నాకు అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు. ఉద్యోగం కావాలి కాబట్టి ఉందని చెప్పి చేరాను. పద్నాలుగేళ్లు చేశాను.

ఇది రాయడానికి కారణం ఉంది. చెవులకు హెడ్‌ఫోన్ పెట్టుకుని, ముందున్న స్క్రీన్ మీద రాసింది రాసినట్టు చదివే ఉద్యోగాల్లో ఇప్పుడు చాలామంది పిల్లలు ఉన్నారు. నేను కూడా ఒకసారి కాగితం చూసి చదివే పని చేశాను. అందులో ఒక్క వాక్యం వదిలేశాను. ఆ వాక్యం ఎవరి మీద పడిందో మీకు చెప్పాలి.

మా ఆఫీసు కళ్లద్దాల దుకాణం పైన ఉండేది. మెట్లు ఎంత ఇరుకంటే, ఎదురుగా ఒకరు దిగుతుంటే మనం మళ్లీ వీధిలోకి వెనక్కి నడవాల్సిందే. ఒక గదిలో మిషన్లు, వాటి మీద పైన డాబా డిష్‌ల నుంచి దిగిన వైర్లు. రెండో గదిలో నేను, నా ఫోను, ఫోన్ చేసిన వాళ్ల నంబరు చూపించే చిన్న పెట్టె, కంప్లైంట్ల పుస్తకం. మా ఓనరు వ్యాపారం మొదలుపెట్టింది ఒక్క వీసీఆర్‌తో. తొంభైల మొదట్లో దుబాయ్ నుంచి వచ్చిన ఎవరి దగ్గరో కొని, దాంట్లో సినిమా వేసి, నాలుగు సందులకు తీగ లాగి, ఇంటింటికీ బొమ్మ పంపాడు. తర్వాత డిష్‌లు వచ్చాయి, చానెళ్లు వచ్చాయి, వీసీఆర్ పని అయిపోయింది. కానీ ఆయన దాన్ని పారేయలేదు. నా కుర్చీ వెనక గూట్లో పెట్టాడు.

దసరాకు ఆయుధపూజ రోజున నిచ్చెనకూ ప్లయర్లకూ పసుపు కుంకుమ పెట్టేముందు ఆ వీసీఆర్‌కు పెట్టి దండ వేసేవాడు. పూజయ్యాక ప్లగ్గు పెట్టి, దాని ఎర్ర లైటు వెలిగేదాకా చూసేవాడు. వెలిగితే ఏడాది బాగుంటుందని నమ్మకం. నేను కొబ్బరి ముక్క నములుతూ, "మా ప్రభువు చూస్తే నవ్వుకుంటాడు సార్" అనేదాన్ని. ఆయన ఊరుకునేవాడు కాదు. "మీ ప్రభువు ప్రార్థన కూడా ఆదివారం మన లోకల్ చానెల్‌లనే పోతది మేడం, జర ఇజ్జత్ ఇవ్వు" అనేవాడు.

ఇక మా లైన్‌మన్. మహబూబ్‌నగర్ వైపు సేద్యం కుటుంబం. బోర్లు ఎండిపోయి పట్నం వచ్చాడు. తాటిచెట్టు ఎక్కినట్టు కరెంటు స్తంభం ఎక్కేవాడు. మాట తక్కువ, పని ఎక్కువ. నేను పుస్తకంలో రాసిన కంప్లైంట్లు ఒక చీటీ మీద ఎక్కించుకుని, సాయంత్రానికి అన్నిటికీ టిక్కు పెట్టి తెచ్చేవాడు. మా ముగ్గురికీ తోడు నాలుగో ఉద్యోగి ఒకాయన ఉండేవాడు. ఆయన్ని మేము చూడలేదు, ఆయనకు జీతం ఇవ్వలేదు. ఈ కథ ఆయనదే.

మొదటిసారి ఆయన ఫోన్ చేసింది రెండు వేల సంవత్సరం దాటి రెండు మూడేళ్లకు.

"మేడం, మూడో నంబర్ చానెల్ల చుక్కలొస్తున్నయి. జర చూడమనుండ్రి."

నా పక్కనున్న టీవీలో చూశాను. బొమ్మ శుభ్రంగా ఉంది. "ఇక్కడ మంచిగనే ఉంది అన్నా" అన్నాను.

"ఆడ మంచిగనే ఉంటది మేడం. ఆడికెల్లి గీడికి వచ్చేదాంక ఎంత దూరమున్నది!"

పొద్దున్నే వాదనకు దిగాడనుకుని విసుక్కుంటూనే లైన్‌మన్‌ను పంపాను. నాంపల్లి స్టేషన్ వెనక గల్లీలో ఒక స్తంభం మీద జాయింటు డబ్బాలోకి వాన నీళ్లు పోయాయి. అతను అది తుడిచి కట్టేసేలోపే ఆ గల్లీ అంతా ఫోన్లు మొదలయ్యాయి. అందరికంటే గంట ముందు చెప్పినవాడు ఈయన ఒక్కడే.

తర్వాత తెలిసింది, ఆయన గంట ముందు ఎందుకు చెప్పగలిగాడో. స్టేషన్‌లో పార్శిల్ హమాలీ. ఒకనాడు పెద్ద బట్టల బేలు వచ్చి మీద పడి నడుము పోయింది. అప్పటినుంచి మంచం. ఆయన భార్య ఎగ్జిబిషన్ గ్రౌండ్ దిక్కున ఒక హాస్టల్లో వంట చేసేది. పొద్దున ఏడింటికి అన్నం, నీళ్లు మంచం పక్కన పెట్టి, టీవీ వేసి వెళితే మళ్లీ ఐదింటికి వచ్చేది. ఈ మధ్యలో ఆయన కళ్లు టీవీ మీద. ఏ చానెల్లో ఏ గీత కొత్తగా వచ్చిందో మా మిషన్ల పక్కనే కూర్చునే నాకంటే ఆయనకే బాగా తెలుసు.

ఆయన సెల్లుకు ఖర్చు ఎందుకని మేమిద్దరం ఒక పద్ధతి పెట్టుకున్నాం. పొద్దున తొమ్మిదింటికి ఆయన నుంచి ఒక మిస్డ్ కాల్ వస్తే అంతా బాగున్నట్టు. రెండు వస్తే ఏదో తేడా ఉన్నట్టు, నేను తిరిగి చేయాలి. ఆరేళ్లు ఇలాగే నడిచింది. నేను ఆఫీసుకు వచ్చి సంచి పెట్టగానే నంబరు పెట్టె వైపు చూసేదాన్ని. ఒక్క రింగు మోగి ఆగిపోతే ప్రాణం హాయిగా ఉండేది. ఓనరు ఆయనకు ఇంజనీర్ సాబ్ అని పేరు పెట్టాడు. లైన్‌మన్, నేను మాత్రం మిస్డ్ కాల్ అన్న అనుకునేవాళ్లం.

తిరిగి ఫోన్ చేసినప్పుడు పని మాట ఒకటి, పక్క మాటలు నాలుగు ఉండేవి. హాస్టల్ పిల్లలు ఈరోజు పప్పు వద్దని అలిగారని, ఇవాళ ఏదో రైలు లేటని ప్లాట్‌ఫారం చప్పుడును బట్టి చెప్పేవాడు. నేను మా ఆయన మీద చెప్పేదాన్ని. తిట్లు తినీ తినీ మధ్యలో ఆ రెండు నిమిషాలు నాకు చాయ్ లాంటివి. ఒప్పుకుంటాను.

ఇలా ఉండగా డిజిటల్ వచ్చింది.

అప్పటికే ఇళ్ల మీద చిన్న చిన్న గొడుగు డిష్‌లు మొలిచి మా గిరాకీని తినేస్తున్నాయి. ఓనరు ఒక పెద్ద కంపెనీతో కలిశాడు. ఒక తేదీ పెట్టారు. ఆ రోజు నుంచి పాత తీగ మీద బొమ్మ రాదు, ప్రతి టీవీకి ఒక డబ్బా, అదే సెట్‌టాప్ బాక్సు, కొనాలి. పేపర్లో దీన్ని చాలా అందంగా రాశారు. ఫోన్లో నాకు వినిపించింది వేరు. మా అత్త సీరియల్, నా సీరియల్ ఒకే టైముకు వస్తాయి, ఇన్నాళ్లూ ఒకే తీగ రెండు టీవీలకు పోయేది, ఇప్పుడు డబ్బా ఎవరి గదిలో పెట్టాలి అని ఒకామె ఏడుపు గొంతుతో అడిగింది. చాయ్ హోటల్ ఆయన, డబ్బా కోసం నేనెన్ని చాయ్‌లు పోయాలె అని అరిచాడు. ఒక కాంపౌండ్‌లో నాలుగు కుటుంబాలు మా లైన్‌మన్ దయ వల్ల ఒకే కనెక్షన్‌ను చీల్చుకుని చూసేవాళ్లు. వాళ్లకు నాలుగు డబ్బాలు కావాల్సి వచ్చింది. ఆ నాలుగు కుటుంబాల మధ్య మాటలు ఆగిపోయాయని తర్వాత విన్నాను.

నేనేం చెప్పాలో ఓనరు ఒక కాగితం మీద టైపు చేయించి ఇచ్చాడు. డబ్బా ధర, ఆఖరు తేదీ, బొమ్మ ఎంత బాగుంటుందో, ఏ టీవీకైనా పెట్టుకోవచ్చని. ఆ కింద ఇంకొక్క వాక్యం ఉంది. టీవీ వెనక మూడు రంగుల పిన్నులు పెట్టే చోటు ఉండాలి, అది లేని పాత టీవీలకు నేరుగా పనిచేయదు అని.

రెండు రోజులు ఆ వాక్యం కూడా చదివాను. చదివిన ప్రతిసారీ అవతలివాళ్లు ఫోన్ అక్కడే పెట్టి, బీరువా జరిపి, టీవీ వెనక చూసి, ఇంకొకరిని పిలిచి, వచ్చి, "ఎర్రది ఉంది, పచ్చది లేదు" అనేవాళ్లు. ఒక్కో ఇంటికి పావుగంట. ఈలోపు మిగతావాళ్లు లైను దొరక్క ఆఫీసుకే వచ్చి మెట్ల మీద నిలబడి తిట్టేవాళ్లు. మూడో రోజు ఆ వాక్యం మానేశాను. నన్నెవరూ మానేయమనలేదు. అంత పాత టీవీలు ఇప్పుడెవరి ఇంట్లో ఉంటాయిలే అనుకున్నాను. అంతే.

ఆ వారంలోనే ఒక పొద్దున రెండు మిస్డ్ కాల్స్ వచ్చాయి. తిరిగి చేశాను.

"మేడం, ఒక ముచ్చట అడుగుత. నిజం చెప్పుండ్రి" అన్నాడు అన్న. "నా పెండ్లాం బండి కొందామంటుంది. చేతులతోని తిప్పే మూడు చక్రాల బండి. మోజంజాహి మార్కెట్ కాడ ఒకాయన పాతది అమ్ముతుండు. నెలాఖరు దాంక ఆగుత అన్నడు. పైసలు ఇప్పుడే జమైనయి. డబ్బా కొంటే బండి రాదు. బండి కొంటే బొమ్మ రాదు. నువ్వైతే ఏం జేస్తవ్?"

ఇక్కడ నేను నిజం రాయాలి. నా మనసులో మొదట వచ్చింది ఆయన బండి కాదు. పొద్దున తొమ్మిదింటికి మోగే ఆ ఒక్క రింగు. అది ఆగిపోతుందే అనుకున్నాను.

"బండి ఎప్పుడైనా కొనుక్కోవచ్చు అన్నా" అన్నాను. "టీవీ మాత్రం పదిహేనో తారీఖుకు ఆగిపోతది."

"నా టీవీకి పనిచేస్తదా? పాతది."

"ఏ టీవీకైనా పనిచేస్తది. డబ్బా ఒక్కటి చాలు."

"గంతేనా?"

"గంతే."

"సరే మేడం, నువ్వు చెప్పినవంటే ఇగ ఫికరేంది" అని పెట్టేశాడు. మర్నాడే ఆయన భార్య వచ్చి కట్టి వెళ్లిందట. నేను అన్నానికి ఇంటికి వెళ్లిన సమయం. చూడలేదు.

పదిహేనో తారీఖు పొద్దున మిషన్ల గదిలో స్విచ్చులు ఆపేశారు. నా ఫోను ఇక ఆగలేదు. పెట్టిన చేయి తీయకముందే మళ్లీ మోగేది. పన్నెండు దాటాక లైన్‌మన్ సెల్లు నుంచి ఫోన్ వచ్చింది.

"మేడం, ఈ టీవీకి ఎన్క పిన్నులు పెట్టే బొక్కలే లేవు. డబ్బా ఎట్ల పెట్టాలె?"

"ఎవరిల్లు?"

"మన మిస్డ్ కాల్ అన్నది."

రిసీవర్ తీసి బల్ల మీద పడేశాను. ఓనరు "మేడం, ఏంది గిట్ల, లైన్లు మోగుతున్నయి" అంటుండగానే మెట్లు దిగి ఆటో ఎక్కాను. పద్నాలుగేళ్లలో పనివేళ నేను కుర్చీ వదిలిపెట్టింది అదొక్కసారే.

స్టేషన్ వెనక గల్లీలో ఒకే అర్ర, ఆ ఒక్క గదే ఇల్లు. తలుపు ముందు లైన్‌మన్ చెప్పులు. లోపల మంచం మీద దిండ్లకు ఆనుకుని ఒక మనిషి. గొంతును బట్టి నేను భారీ మనిషిని ఊహించుకున్నాను. చేతులు మాత్రమే భారీగా ఉన్నాయి, హమాలీ చేతులు. మిగతా అంతా దుప్పటి కింద చిక్కిపోయింది. నన్ను చూసి ముఖమంతా నవ్వాడు. "గొంతు ఇంకా పెద్దగుంటది మేడం నీది, నువ్వు గింతే ఉన్నవేంది" అన్నాడు.

ఎదురుగా టీవీ. పక్కకు జరిపే చెక్క తలుపులది. నలుపు తెలుపుది.

మిగతా ఇళ్లవాళ్లందరూ వారానికోసారైనా రంగు పోయింది, రంగు ఎక్కువైంది, మొహాలు ఎర్రగా వస్తున్నాయి అని ఫోన్ చేసేవాళ్లు. ఆరేళ్లలో ఈయన చుక్కలు చెప్పాడు, గీతలు చెప్పాడు, గుర్రుమనే చప్పుడు చెప్పాడు. రంగు గురించి ఒక్క కంప్లైంట్ చేయలేదు. పుస్తకమంతా నా చేత్తో రాసినదాన్ని, నాకది ఎప్పుడూ తట్టలేదు.

ఆయన భార్య ఆ రోజు పనికి సెలవు పెట్టింది, డబ్బా పెట్టేది చూడాలని. అట్టపెట్టె ఇంకా చేతుల్లోనే ఉంది.

"ఈమెనేనా మేడం?" అని లైన్‌మన్‌ను అడిగి నా వైపు తిరిగింది. "ఏ టీవీకైనా పనిచేస్తదని చెప్పిన్రంట గదా. ఇది టీవీ కాదా?"

"ఊకోవే" అన్నాడు అన్న. "మేడం నా టీవీ చూసిందా ఏంది? ఆమెకేం తెలుసు?"

ఆమె తిట్టినదానికంటే ఆయన వెనకేసుకొచ్చింది నాకు ఎక్కువ తగిలింది. "తెలుసు" అన్నాను. "పాత టీవీలకు పనిచేయదని కాగితం మీద రాసి ఇచ్చిండ్రు. టైం పడుతుందని నేనే చదవడం మానేసిన. తప్పు నాది."

ఆమె అరుస్తుందనుకున్నాను. గొంతు తగ్గించింది. "ఏండ్లాయె మేడం ఈయన గీ అర్ర దాటక. దవాఖానకు పోవాల్నన్నా నలుగురిని బతిమాలాలె. బండి వస్తే టేషన్ దాంక పోతడు, దోస్తులను చూస్తడు అనుకున్న. ఈయననే, మేడం చెప్పింది, డబ్బానే కొందామన్నడు. బండి పాయె. ఇప్పుడు డబ్బాకు కొత్త టీవీ కావాలంటున్నరు. దానికి నేనెవ్వల్ని అడగాలె?"

నేలమీద గొంతుక్కూర్చున్న లైన్‌మన్ టీవీ వెనక ఉన్న యాంటెన్నా వైరు చేత్తో పట్టుకుని తిప్పి చూశాడు. తర్వాత నా వైపు చూశాడు.

"మేడం, మన ఓనర్ సాబ్ దేవుడున్నడు గదా" అన్నాడు.

నాకు మొదట అర్థం కాలేదు. వీసీఆర్. దాని వెనక మూడు రంగుల పిన్నులు పెట్టే చోటు ఉంది. దాంట్లోంచి బయటికి వచ్చేది మామూలు యాంటెన్నా వైరు. మా ఓనరు పాతరోజుల్లో ఇలాంటి టీవీలకు సినిమాలు పంపింది దాంతోనే. డబ్బా నుంచి బొమ్మ వీసీఆర్‌లోకి పోతే, వీసీఆర్ దాన్ని ఈ టీవీకి తెలిసిన పద్ధతిలో పంపుతుంది.

ఇద్దరం ఆఫీసుకు వచ్చాం. అప్పటికి రిసీవర్ ఓనరు చేతిలో ఉంది. నేను తినాల్సిన తిట్లు ఆయన తింటున్నాడు. వదిలేసిన వాక్యం సంగతి ముందు చెప్పాను. నన్ను బాగా తిట్టాడు, తిట్టాల్సిందే. వీసీఆర్ సంగతి చెప్పగానే మాత్రం గూటి వైపు తిరిగాడు.

"దసరా దాంక ఆగరాదా?" అన్నాడు చివరికి, చిన్నపిల్లాడిలాగా.

"దసరాకు ఇంకా ఐదు నెలలుంది సార్."

లేచి తనే దించాడు. కొత్త తువ్వాలులో చుట్టి లైన్‌మన్ చేతికిచ్చాడు. "కుంకుమ తుడవొద్దని చెప్పు" అన్నాడు.

అది పని చేసింది. ఎర్ర లైటు వెలిగింది. లైన్‌మన్ టీవీ పక్కనున్న చిన్న చక్రం తిప్పుతుంటే, ఒకచోట బొమ్మ వచ్చి నిలబడింది. నలుపు తెలుపే, కానీ ఒక్క చుక్క లేదు, ఒక్క గీత లేదు. ఆయన భార్య "అబ్బ" అని నోటి మీద చేయి వేసుకుంది. నాకు ఏడుపొచ్చినంత పనైంది, సంతోషంతోనే.

అన్న మాత్రం చానెళ్లు ఒక్కొక్కటీ మార్పించి చూశాడు. చూసి చూసి అడిగాడు.

"ఇగ చుక్కలు రానే రావా?"

"రావన్నా" అన్నాడు లైన్‌మన్ గర్వంగా. "వస్తే బొమ్మ పూరా వస్తది. లేకపోతే నల్లగ అయితది. నడుమ ఏం లేదు. ఇగ అన్ని ఆడ కంప్యూటర్‌కే తెలుస్తయి."

"మరి నేనేం చెప్పాలె?"

లైన్‌మన్ నా వైపు చూశాడు. నేను పైట సర్దుకున్నాను. ఆ ప్రశ్నకు నా కాగితం మీద కూడా ఏమీ రాసి లేదు.

ఆ తర్వాత నాలుగు రోజులు తొమ్మిదింటికి ఒక్కో మిస్డ్ కాల్ వచ్చింది. ఐదో రోజు రెండు వచ్చాయి. వీసీఆర్ పాడైందేమోనని వెంటనే తిరిగి చేశాను.

"బొమ్మ అద్దం లెక్కుంది మేడం" అన్నాడు. "నాలుగు దినాలు చూసిన. చూసుడు తప్పితే నాకేం పని లేదు. ఇన్ని దినాలు టీవీ చూస్తున్ననని అందరనుకున్నరు. నేను డ్యూటీ చేస్తున్న అనుకున్న. ఇగ డ్యూటీ లేదు. డబ్బా వాపస్ తీస్కోండ్రి. బండి కొంట."

తెరిచిన డబ్బా కంపెనీ వాపసు తీసుకోదు. ఓనరు కంపెనీకి ఫోన్ చేసి అడిగాడు, వాళ్లు కుదరదన్నారు. అప్పుడు నాకు గుర్తొచ్చింది, ఊరందరికీ కొనండి కొనండి అని చెప్పిన నేను మా ఇంటికి ఇంకా డబ్బా కొనలేదు. మా ఆయన క్రికెట్ కోసం పక్కింట్లో కూర్చుంటున్నాడు. ఆ డబ్బా నేనే కొన్నాను, కొత్తదాని ధరకే. మా ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి, "నాలుగు రోజులు వాడినదానికి నువ్వు తగ్గించమని అడగలేదా?" అన్నాడు. జరిగింది చెప్పాను. విని, వెళ్లి టీవీ వెనక పిన్నులు పెట్టుకున్నాడు.

అన్న భార్య పైసలకోసం ఆఫీసుకు వచ్చింది. వీసీఆర్‌ను అదే తువ్వాలులో చుట్టి తెచ్చింది. కుంకుమ ఎక్కడిదక్కడే ఉంది. ఓనరు తీసుకుని ప్లగ్గు పెట్టి లైటు చూసుకుని మళ్లీ గూట్లో పెట్టాడు. నెలాఖరుకు ఇంకా మూడు రోజులుంది. ఆమె అటునుంచి అటే మార్కెట్‌కు బయల్దేరింది. మెట్ల దగ్గర ఆగి, "ఆ దినం జర గట్టిగ మాట్లాడిన మేడం" అంది.

"మాట్లాడాల్సిందే అక్కా."

"బండి మంచిదే. నా సీరియల్ పాయె గదా" అని నవ్వింది. అది విని లైన్‌మన్ ఒక ఆదివారం వెళ్లి వాళ్ల కప్పు మీద పాత అల్యూమినియం యాంటెన్నా ఒకటి నిలబెట్టి వచ్చాడు. ఒక్క చానెల్ వచ్చేదట, దండిగా చుక్కలతో.

ఆ రెండు నెలల్లో మా ఆఫీసు మారిపోయింది. కంప్లైంట్లన్నీ కంపెనీ వాళ్ల నంబరుకు పోవాలన్నారు. ఒకటి నొక్కండి, రెండు నొక్కండి. ఓనరు మొహమాటపడుతూ, ఈ నెలాఖరుకు ఫోన్ తీసేస్తున్నారు మేడం అన్నాడు. ఉన్న నాలుగు రోజులూ వచ్చి కూర్చోమన్నాడు. ఎప్పుడూ తిట్లు తినేదాన్ని, తిట్టేవాళ్లు లేకపోతే అంత దిగులుగా ఉంటుందని నేననుకోలేదు. పుస్తకం మూసి దాని మీద పెన్ను పెట్టి, పాత చర్చి పత్రికలు చదువుకుంటూ కూర్చునేదాన్ని. తొమ్మిదింటికి మాత్రం నంబరు పెట్టె వైపు చూడటం మానలేదు. అన్న ఇంటికిప్పుడు మా తీగ లేదు. ఆయన ఎందుకు చేస్తాడు? తెలిసీ చూసేదాన్ని.

ఆఖరి వారంలో ఒక పొద్దున ఫోను మోగి ఆగిపోయింది. మళ్లీ మోగి ఆగిపోయింది. పెట్టె మీద ఆయన నంబరు.

తిరిగి చేశాను. అవతల అంతా బస్సు హారన్లు, రిక్షా బెల్లులు, ఎవరో మామిడిపండ్లు అమ్మే కేక.

"అన్నా, ఎక్కడున్నవ్?" అన్నాను. ఆరేళ్లలో ఆ మాట ఆయన్ని ఎప్పుడూ అడగలేదు.

"టేషన్ ముంగట మేడం, బండి మీద!" చప్పుడులో వినబడదని గట్టిగా అరుస్తున్నాడు. "గీడ పెద్ద స్తంభం కాడ మన తీగ ఊడి కిందికి ఏలాడుతున్నది. పెద్ద లారీ వస్తే తెగుతది. చూస్తనే ఉన్న, ఎవ్వనికీ ఫికర్ లేదు. జల్ది రాసుకోండ్రి!"

నేను పుస్తకం తెరిచాను. ఇంటి నంబరు అని ఉన్నచోట ఏం రాయాలో ఒక్క నిమిషం తోచలేదు. స్టేషన్ ముందు అని రాసి, చీటీ చించి లైన్‌మన్‌కు ఇచ్చాను.